ధర్మార్జితము: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితము

పురుషార్థములు నాల్గని మన పెద్దలు నిర్ణయించిరి. అందు అర్థమునకు రెండవ స్థానము నిచ్చి, దానికి ముందు ధర్మమును, చివర మోక్షమును నిలిపిరి. ఏటికి రెండు గట్లున్నట్లు ధనార్జనమునకు ఈ రెండును గట్లు. గట్టు తెగిన ఏఱు పొలములను ముంచును. నీరులేని ఏఱు ఎవ్వరి దాహమును తీర్పదు. ఈ సంగతి తెలిసియు ఆధ్యాత్మిక గ్రంథములు చదువు మనలో ధనమును గూర్చి రెండు విపరీతభావములు కనబడుచుండును. ధనమును నోట నిందించుచు లోలోపల దానినే ధ్యానించుట యొకటి. దైవమును కొలిచినచో సంపద తనంత తానే వచ్చునని తలచి పని మానుట రెండవది. ఈ రెండింటికిని దూరముగా నిలిచి, ధనమును న్యాయముగా ఆర్జించి, చిరకాలము నిలిపి, లోకము కొఱకు వెచ్చించిన గృహస్థుల చరిత్రలు మనకు మిక్కిలి అవసరము.

ఇల్లు విడిచి దూరదేశమున బ్రతుకుతెరువు వెదకికొన్నవారికి ఈ విషయము మఱింత దగ్గఱగా తగులును. బంగాళాఖాతమున కావల అండమాను దీవులలో, 2024 వఱకు పోర్ట్‌బ్లెయిర్ అనబడి ఇప్పుడు శ్రీవిజయపురమని పిలువబడు పట్టణమున్నది. షాదీపూర్ అందలి యొక పేట. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారి పెద్దలలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల నుండి ఓడ నెక్కి పోయినవారు. చేపలవేట, కట్టుబడిపని, చిల్లరవర్తకము, సర్కారు కొలువు వారికి జీవనాధారములైనవి. అట్టి చోట కుదురుకొన్న కుటుంబము తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న, ఎంత గడించితిమి అన్నది మాత్రమే కాదు. గడించినది ఏ గుణముచే నిలుచును అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. ఒకే కూలితో పని యారంభించిన యిద్దరిలో ఇరువది యేండ్లకు ఒకడు నిలద్రొక్కుకొనును, వేరొకడు అప్పులలో మునుగును. ఆరోగ్యము, అదృష్టము కొంత కారణములే. కాని వానితోనే అంతయు తేలిపోదు.

ఈ ప్రశ్నకు మాటలతో గాక జీవితముతో సమాధానము చెప్పిన తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అగ్రగణ్యులు. వారును ఇల్లు విడిచి, భాష తెలియని దూరపట్టణమునకు పోయి, అచ్చట సంపన్నులైనవారే.

బాల్యము, విద్య

నాగేశ్వరరావుగారు 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లా యందలి ఎలకుఱ్ఱు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. గ్రామమున అక్షరాభ్యాసము కాగా బందరులో ఉన్నతపాఠశాల చదువు సాగినది. ఆనాటి బందరు ఒకప్పటి రేవుపట్టణపు వైభవమును పోగొట్టుకొన్నది. 1864 నవంబరులో వచ్చిన పెనుతుపానున సముద్రము ఊరిపైబడి సుమారు ముప్పదివేలమంది ప్రాణములు గొన్నది. కలిమి ఒక్క రాత్రిలో నీటిపాలగుట ఆ ప్రాంతపు ప్రజలు కన్నులార చూచిన సంగతి. అట్టి జ్ఞాపకము ఇంకను మాయని కాలమున ఈ బాలుడు అచ్చట పెరిగెను.

ఆ దినములలో ఆంధ్రదేశపు యువకుల హృదయములను కదలించిన పత్రిక వివేకవర్ధని. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో దానిని స్థాపించిరి. పరుల కొలువునకై ఎదురుచూడక సొంత పరిశ్రమపై ఆధారపడవలెనను భావము నాగేశ్వరరావుగారి మనస్సున నాటుకొనుటకు ఆ పత్రికయందలి వ్యాసములు తోడ్పడినవి. సంఘసంస్కరణకు సంబంధించిన పత్రిక నుండి వర్తకమునకు ప్రేరణ గలుగుట చిత్రముగా తోచవచ్చును. కాని స్వశక్తిపై నిలుచువాడే నిర్భయముగా సత్యమును పలుకగలడు. తరువాతి కాలమున నాగేశ్వరరావుగారి పత్రికకు గలిగిన స్వాతంత్ర్యమునకు విత్తనము ఇచ్చటనే పడినది.

వారు మదరాసు క్రైస్తవకళాశాలలో చదివి 1891లో పట్టభద్రులైరి. ఆ కాలమున పట్టభద్రుడనగా గ్రామమంతయు తలయెత్తి చూచెడిది. కలెక్టరు కచ్చేరీలోనో, న్యాయస్థానములోనో కొలువు లభించుట కష్టము కాదు. నెలజీతము, పదవీవిరమణానంతరమున భరణము, సంఘమున మర్యాద ఇవన్నియు ఆ పట్టమునకు తగిలియుండెను. నాగేశ్వరరావుగారు ఆ దారిని పోలేదు. నిశ్చితమైన అల్పమును వదలి అనిశ్చితమైన దానిని కోరుట సాహసమే. అయితే సాహసమునకును దుడుకునకును భేదము కలదు. దుడుకువాడు పని తెలియకయే పెట్టుబడి పెట్టును. సాహసి మొదట పని నేర్చుకొనును.

పని నేర్చిన యేండ్లు

నాగేశ్వరరావుగారు మదరాసులో కొలదికాలము వ్యాపారప్రయత్నము చేసి, పిమ్మట కలకత్తాకును, అచ్చటనుండి బొంబాయికిని పోయిరి. బొంబాయిలో విలియం కంపెనీ యను సంస్థలో కొలువునకు కుదిరిరి. చదువుకొన్నవాడనను గర్వమును గడప వెలుపల నుంచి, చిన్నపనితో ఆరంభించి, సరకు కొనుట, అమ్ముట, లెక్క వ్రాయుట, ఎల్లరతోను మాటలాడుట ఇవన్నియు అభ్యసించిరి. దినదినము చేయు పనిలో సమర్థత కనబఱచినందున ఆ సంస్థలో వారి స్థానము క్రమముగా పెరిగెను.

ధనము నిలుచుటకు కావలసిన గుణములలో దీనినే మొదట చెప్పవలెను. తాను విద్యావంతుడనని తలచువాడు తిరిగి విద్యార్థి యగుట సులభము కాదు. దానికి అహంకారము కొంత చావవలెను. శిష్యుడు గురువునొద్దకు సమిత్పాణియై పోవలెనని మన ఉపనిషత్తులు బోధించినవి. వర్తకవిద్య బ్రహ్మవిద్య కాదు. అయినను నేర్చుకొనువానికి కావలసిన వినయము రెండుచోట్లను ఒక్కటియే. మొదటి సంపాదనను చూచి తృప్తిపడక, మొదటి నష్టమును చూచి పాఱిపోక, మూడు నగరములలో కొన్ని సంవత్సరములు ఆయన గడపిన అభ్యాసకాలము తరువాతి ఐశ్వర్యమునకు పునాది. పునాది భూమిలో నుండును గనుక చూపరులు దానిని లెక్కింపరు.

అమృతాంజనము

1893లో, తమ 26వ యేట, నాగేశ్వరరావుగారు బొంబాయిలో అమృతాంజనమను నొప్పిమందును తయారుచేసి అమ్మసాగిరి. పసుపువన్నెతో, కర్పూరము మొదలగువాని ఘాటైన వాసనతో నున్న ఈ లేపనము తలనొప్పికిని ఒడలినొప్పులకును ఉద్దేశింపబడినది. నేడు తెలుగుదేశమున ఆ పేరు తెలియని యిల్లు అరుదు. కాని పేరులేని దినములలో దాని నెవ్వరు కొందురు? తెలియని మనుష్యుడు, తెలియని మందు, అదియును పరాయి నగరమున.

నాగేశ్వరరావుగారు అవలంబించిన ఉపాయము ప్రసిద్ధమైనది. సంగీతసభలు జరుగుచోటికి పోయి, వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టిరి. సభకు వచ్చినవారు వివిధప్రాంతములవారు. మందు పనిచేసినచో వారే దానిని గూర్చి ఇతరులకు చెప్పుదురు. పనిచేయనిచో పంచినంతయు నష్టమే. తన సరకుపై తనకు పూర్ణవిశ్వాసము లేనివాడు ఇట్లు చేయజాలడు. చేతిలో నున్న కొద్ది మూలధనమును తిరిగి వచ్చునో రాదో తెలియని చోట వెదజల్లుట రైతు విత్తు చల్లుట వంటిది. ఆకలిగొన్నవాడు విత్తనపుగింజలను తినివేయును. ఓర్పుగలవాడు ఆకలిని అణచుకొని వానిని మట్టిపాలు చేయును. ఫలమును వాయిదా వేయగల ఈ శక్తియే ధనార్జనమునందు తపస్సు.

ఇంకొక సంగతియు గమనింపదగినది. జనులకు నమ్మకము కుదిరిన పిదప వర్తకునకు రెండు ఆకర్షణలు ఎదురగును. మందులోని దినుసులను తగ్గించి లాభమును పెంచుకొనుట యొకటి. ఒక సరకున లాభము వచ్చెను గదా యని పదిసరకులపై చేయి చాచుట వేఱొకటి. అమృతాంజనము విషయమున ఈ రెండును వారిని చెదరగొట్టలేదు. వారి వ్యాపారమునకు ప్రాణము ఆ యొక్క మందే యయ్యెను. కొన్నవాడు రెండవమాఱు కొన్నను, పదవమాఱు కొన్నను, సీసాలో అదే రంగు, అదే వాసన, అదే గుణము కనబడవలెను. సాధకునకు ఏకాగ్రత యెట్టిదో గృహస్థునకు తన వృత్తియందు నిలుకడ యట్టిది. ఒక్కచోట లోతుగా త్రవ్వినవానికి నీరు పడును. పదిచోట్ల మూరెడేసి త్రవ్వినవానికి గోతులు మిగులును.

నమ్మకమే అసలు మూలధనమన్న మాటను ఆ కాలముననే దక్షిణదేశము గొప్పవెల యిచ్చి నేర్చుకొన్నది. మదరాసులో అర్బత్‌నాట్ కంపెనీ యను పేరుమోసిన తెల్లవారి కోఠీ 1906 అక్టోబరులో దివాలా తీసినది. గొప్ప భవనము, పెద్దపేరు చూచి తమ కూడబెట్టిన సొమ్మును దానిలో దాచుకొన్న వేలకొలది కుటుంబములు నష్టపోయినవి. దాని యజమాని సర్ జార్జి అర్బత్‌నాట్‌కు కారాగారశిక్ష పడినది. ఆ యనుభవము నుండి మనవారు తమ సొంత బ్యాంకును స్థాపించుకొనుటకు పూనుకొనగా 1907లో ఇండియన్ బ్యాంకు ఏర్పడినది. పైకి కనబడు హంగు కూలిపోయిన ఆ దినములలోనే సామాన్యుడు కొనగల చిన్న సీసాపై నిలిచిన వ్యాపారము పెరుగుచుండెను. జనుల విశ్వాసమును ఖర్చుచేసి లాభము గడించినవారు ఒకనాటికి రెండింటిని పోగొట్టుకొందురు.

ఆర్జనము నుండి సేవకు

ధనము చేతికి వచ్చిన పిదప మనుష్యుని నిజస్వరూపము బయటపడును. అంతవఱకు పేదఱికము అతని కోరికలను కప్పియుంచును. నాగేశ్వరరావుగారికి ధనము వచ్చినప్పుడు బయటపడినది భోగేచ్ఛ కాదు, దేశచింత.

1907లో సూరతున జరిగిన కాంగ్రెసు మహాసభకు వారు హాజరైరి. మితవాదులు, అతివాదులు అని కాంగ్రెసు రెండుగా చీలిన సభ యది. దేశమంతయు ఉడికిపోవుచుండగా తెలుగువారికి ఆ సంగతులు తమ భాషలో తెలియజెప్పు బలమైన పత్రిక కావలెనని వారికి తోచెను. మరుసటి సంవత్సరమే, 1908లో, బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగుదేశమునకు వందల మైళ్ళ దూరమున, తెలుగు అక్షరములు కూర్చువారే అరుదైన నగరమున తెలుగుపత్రికను నడపుట లాభాపేక్ష గలవాడు చేయు పని కాదు. ఏటేట వెలువడిన ఉగాది సంచికలు పండితుల వ్యాసములతోను చిత్రములతోను తెలుగిండ్లలో భద్రపఱచుకొను గ్రంథములైనవి.

1914లో వారు బొంబాయిని వదలి మదరాసునకు వచ్చిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రిక దినపత్రిక యయ్యెను. నాలుగునెలలు తిరుగకముందే ఐరోపాలో మహాయుద్ధము ఆరంభమయ్యెను. కాగితము వెల పెరిగెను, సరఫరా తగ్గెను. క్రొత్తగా పుట్టిన దినపత్రికకు ఇది గడ్డుకాలము. అయినను వార్తల కొఱకు జనులు పరితపించు కాలమును అదియే. పత్రిక నిలిచినది. దానిని నిలిపిన బలము అమృతాంజనపు రాబడి.

ఇచ్చట వారి వ్యవహారదక్షతను కొంచెము నిదానించి చూడవలెను. అమృతాంజనము ఆర్జించు చేయి, ఆంధ్రపత్రిక ఇచ్చు చేయి. ఇచ్చు చేతిని ఆర్జించు చేయి పోషించినది. అంతటితో ఆగక, పత్రికలో అచ్చుపడిన ప్రకటనలవలన మందు పేరు తెలుగుదేశపు మూలమూలలకు ప్రాకినది. ఒకటి రెండవదానికి ఊతమైనది. దానము చేయగోరి మూలమునే నఱకివేయువారు కొందఱుందురు. చెట్టు నఱకి పండ్లు పంచినచో మరుసటి యేడు పంచుటకు ఏమియు నుండదు. నాగేశ్వరరావుగారు చెట్టును కాపాడి ఏటేట ఫలములను పంచిరి. అందుచేతనే వారి దానము మూడుదశాబ్దములకు పైగా ఎండక ప్రవహింపగలిగినది.

సాహిత్యపోషణము

1924 జనవరిలో వారు భారతి యను మాసపత్రికను స్థాపించిరి. సాహిత్యము, చరిత్ర, శాసనములు, కళలు, విజ్ఞానము దానికి విషయములు. ఆనాటి పండితులును నవ్యకవులును ఒకే పుటలలో కలిసికొన్న చోటది. భారతిలో తన వ్యాసమో పద్యమో అచ్చుపడుట రచయితకు పట్టాభిషేకముగా నుండెడిది. 1926లో ఆంధ్రగ్రంథమాల ఆరంభమయ్యెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి విపులమైన పీఠికతో ఆ గ్రంథమాలలోనే వెలువడినది. తాటియాకులలో మఱుగుపడియున్న భక్తిసాహిత్యము సామాన్యపాఠకుని చేతికి అందుటకు అట్టి ప్రయత్నములే కారణము.

తెలుగున విజ్ఞానసర్వస్వమును రచింపవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు జీవితమును ధారపోసిరి. అకారముతో మొదలగు కొన్ని సంపుటములు మాత్రమే వెలువడగా 1923లో వారు దివంగతులైరి. ఆ మహాకార్యము అనాథ కాకుండ నాగేశ్వరరావుగారు దానిని చేపట్టి, ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తిరిగి ప్రకటించుటకు పూనుకొనిరి. తన పేరుతో క్రొత్తపని యారంభించుటకంటె, ఒకరు సగములో విడిచిన పనిని కొనసాగించుటకు ఎక్కువ నిరహంకారము కావలెను. అట్టి పనిలో కీర్తి మొదటివానిది, ఖర్చు రెండవవానిది.

సహాయము గోరి వచ్చిన రచయితలు, విద్యార్థులు, గ్రంథాలయములు, జాతీయసంస్థలు వీరి చేతిచలువ ననుభవించినవి. జనులు వారిని విశ్వదాత యనిరి, దేశోద్ధారకుడనిరి. ఆ బిరుదములు రాజాస్థానమున లభించినవి కావు. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1935లో కళాప్రపూర్ణ బిరుదముతో వారిని గౌరవించినది.

కారాగారమున గీత

ధనవంతునకు పోగొట్టుకొనుటకు చాల యుండును గనుక భయమును ఎక్కువగా నుండును. ప్రభుత్వమునకు కోపము వచ్చినచో పత్రిక మూతపడవచ్చును, వ్యాపారము చెడవచ్చును. ఆ భయము నాగేశ్వరరావుగారిని ఆపలేదు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు పలుమాఱులు అధ్యక్షులైరి. ఖద్దరు ధరించిరి. ఉప్పుసత్యాగ్రహోద్యమమున పాల్గొని, అరువదియేండ్లు దాటిన వయస్సున కారాగారమునకు పోయిరి.

కారాగారమున వారు చేసిన పని భగవద్గీతకు తెలుగున వ్యాఖ్యానము వ్రాయుట. వారి జీవితమును అర్థము చేసికొనుటకు ఇది తాళపుచెవి వంటిదని మా భావము. గీత కర్మమును మానుమని చెప్పలేదు, కర్మఫలముపై మమకారమును మానుమని చెప్పినది. ముప్పదియేండ్లకు పైగా కొట్టుబడి, మందుసీసాలు, ముద్రణాలయము, జమాఖర్చులు వీని నడుమ బ్రతికిన గృహస్థుడు అవన్నియు దూరమైన చోట కూర్చుండి ఆ గ్రంథమునే చేతబట్టెను. ధనము తన గుర్తింపునకు మూలమని నమ్మినవాడు చెఱసాలలో కృశించును. ధనము తన చేతిలోని పనిముట్టని తెలిసినవాడు పనిముట్టును గోడకు చేరవేసి మఱియొక పనికి పూనుకొనును.

వారి జీవితమునందలి రహస్యమును ఒక్కమాటలో చెప్పవలెనన్నచో ఇట్లు చెప్పవచ్చును: ధనముపై వారి చేతి పట్టు గట్టిది, మనసు పట్టు వదులు. చేతి పట్టు వదులైనవాడు గడింపలేడు, గడించినను నిలుపుకొనలేడు. మనసు పట్టు బిగిసినవాడు గడించినదానికి కావలివాడు మాత్రమే యగును. మన మెక్కువమందిమి దీనికి విపర్యయముగా నుందుము. పనియందు అలసత, ఫలమునందు ఆత్రము మన స్వభావము. పట్టు ఎచ్చట బిగింపవలెనో, ఎచ్చట సడలింపవలెనో తెలియుటయే వివేకము.

చివరి సంవత్సరములు

1936లో అమృతాంజనము వ్యాపారము పబ్లికు లిమిటెడ్ కంపెనీగా మారినది. ఒక్కని పేరుతో, ఒక్కని శక్తితో నడచిన పని నియమములుగల సంస్థ యయ్యెను. వృద్ధాప్యమున మనుష్యుడు ఆస్తిని గుప్పిట బిగించుట సాధారణము. తాను లేనినాడును నడువదగిన యేర్పాటును తానుండగనే చేయుట దూరదృష్టి. చిరకాలము నిలువవలసిన ధనమునకు ఈ గుణమును ఆవశ్యకమే. ఎందఱో సమర్థులు తాము బ్రతికియున్నంతవఱకు చక్కగా నడిపిన వ్యవహారములు వారి వెనుకనే చితికిపోవుట మనము చూచుచునే యున్నాము.

మైలాపూరున వారి గృహమునకు శ్రీబాగ్ అని పేరు. 1937 నవంబరు 16వ తేదీన కోస్తాజిల్లాల నాయకులును రాయలసీమ నాయకులును అచ్చట సమావేశమై, పరస్పరసందేహములను తొలగించుకొని, ఆంధ్రరాష్ట్రసాధనకై ఒక ఒడంబడికకు వచ్చిరి. శ్రీబాగ్ ఒడంబడిక యని చరిత్రలో అది ప్రసిద్ధము. మందు అమ్మి కట్టిన యింట ఒక జాతి భవిష్యత్తును గూర్చి ఆలోచన జరిగినది. ఇల్లు విశాలమగుట ధనమువలన కావచ్చును. దాని తలుపులు తెఱచియుండుట మాత్రము గుణమువలననే.

ఆ రాష్ట్రమును చూచుటకు వారు జీవించియుండలేదు. 1938 ఏప్రిల్ 11వ తేదీన, 71వ యేడు నిండుటకు కొలదిదినములు ముందుగా, నాగేశ్వరరావుగారు పరమపదించిరి. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడినది. ఆంధ్రపత్రికను, భారతిని వారి యల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు కొనసాగించిరి. 1991లో ఆ పత్రికలు రెండును ఆగిపోయినవి. అమృతాంజనము నేటికిని ఉన్నది. మైలాపూరులోని యొక ఉద్యానవనము నాగేశ్వరరావుగారి పేరుతో నేటికిని పిలువబడుచున్నది.

పత్రికలు ఆగిపోవుటను చూచి, ఆర్జించినది నిలిచినది, ఇచ్చినది నశించినది గదా యని కొందఱు తలపవచ్చును. ఆ లెక్క సరియైనది కాదు. భారతి పుటలలో పుట్టిన పరిశోధనము మన చరిత్రజ్ఞానములో కలిసిపోయినది. గ్రంథమాల వెలికితీసిన కావ్యములు తరతరముల పాఠకుల చేతికి అందినవి. పత్రిక మేల్కొలిపిన భావము రాష్ట్రరూపమును ధరించినది. నీరు భూమిలో ఇంకినచో కంటికి కనబడదు, పంటలో కనబడును.

మనకు మిగిలిన పాఠము

ఈ చరిత్రను చదివి, దానము చేసినవారెల్ల ధనవంతులగుదురని ఎవ్వరును పొరబడరాదు. అట్టి బేరము ధర్మమును కాదు, నిజమును కాదు. నాగేశ్వరరావుగారి వలెనే శ్రమించి విఫలులైనవారును ఉందురు. కాలము, స్థలము, ఆరోగ్యము కలిసిరావలెను. ఫలమును హామీ యిచ్చుట మానవునకు సాధ్యము కాదు. గుణములను అలవఱచుకొనుట సాధ్యము. పని నేర్చుకొను వినయము, ఫలమును వాయిదా వేయగల ఓర్పు, ఒకపనియందు నిలుకడ, నమ్మినవానిని మోసగింపని శుచిత్వము, రాబడి పెరిగినను దానికి దాసుడు కాని సంయమము, తన తరువాతివారిని గూర్చిన ఆలోచన ఇవి ఆ గుణములు. వీనికి పెద్ద మూలధన మక్కఱలేదు. కూలివాడును వీనిని అభ్యసింపవచ్చును.

షాదీపూరున దినమంతయు కట్టుబడిపనిచేసి సాయంకాలము కూలిడబ్బు లెక్కించుకొను తెలుగుబిడ్డకు లక్షలు గడించిన విశ్వదాత జీవితము దూరమైనదిగా తోచవచ్చును. కాని నాగేశ్వరరావుగారి ఆరంభమును అట్టిదే. సొంత ఊరు కానిచోట, పరుల కొట్టులో చిన్నపని. ఆ చిన్నపనిని వారు చిన్నదిగా చేయలేదు. వచ్చిన రూపాయిలో కొంత రేపటి కొఱకు ఆపుట, నేర్చిన పనిని నిన్నటికంటె నేడు మెఱుగుగా చేయుట, త్వరగా రెట్టింపు చేసి యిత్తునని ఆశపెట్టువాని మాట వినకుండుట, పొరుగువాని పిల్ల బడికి పోవుటకు పుస్తకము కొనియిచ్చుట ఇంతతో ఆరంభింపవచ్చును. ఇచ్చుట ధనవంతుడైన తరువాత మొదలుపెట్టెదనని వాయిదావేయువాడు ఎన్నటికిని మొదలుపెట్టడు. ఇచ్చుచేయి అలవాటువలన తెఱచుకొనునే గాని సంపదవలన తెఱచుకొనదు.

లక్ష్మి చంచల యని పెద్దలు చెప్పుదురు. ఆమె నిలుచుట తలుపు గొళ్ళెమువలన కాదు. ఇంటివాడు తనను బంధింపడనియు, తనను లోకసేవకు పంపుననియు తెలిసినచోట ఆమె తిరిగి తిరిగి వచ్చును. ఒకవేళ రాకపోయినను, అట్టి యింట దరిద్రము అడుగుపెట్టదు. ఏలయన దరిద్రము సంచిలో నుండదు, మనసులో నుండును. ఈ సత్యమును బొంబాయి వీథులలోను, మదరాసు ముద్రణాలయములోను, కారాగారములోను ఆచరించి చూపిన ఆ మహనీయుని స్మరణము, ఆర్జించు ప్రతి గృహస్థునకును ధర్మార్థముల నడుమ దారి చూపుగాక.